తీతువు అరిచిన చోటు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వానాకాలంలో అది ఒడ్లు ఒరుసుకుంటూ పారేది. ఎండలు ముదిరాయంటే మాత్రం అందులో చుక్క నీరు ఉండేది కాదు. ఎటు చూసినా తెల్లటి ఇసుక, గులకరాళ్ళు, అంతే.

మరి అక్కడి జంతువులు ఎండాకాలం నీళ్ళెలా తాగేవి? చెబుతాను వినండి. వాగు ఇసుకలో ఒకచోట లోతుగా గుంట తవ్వుకునేవి. అడుగునుంచి నీళ్ళు నెమ్మదిగా ఆ గుంటలోకి ఊరేవి. దాన్నే చెలమ అంటారు. పగలంతా ఊరనిస్తే సాయంత్రానికి తలా నాలుగు గుక్కలు దొరికేవి. ఎండకు ఆరిపోకుండా, పరాయివాళ్ళ కంట పడకుండా, చెలమ మీద తంగేడు మండలు పరిచేవి. మండల మీద ఇసుక చల్లి, ఇసుక మీద గులకరాళ్ళు పేర్చేవి. తెలియనివాళ్ళు పక్కనుంచి నడిచిపోయినా ఇక్కడ నీళ్ళున్నాయని పోల్చుకోలేరు.

ఆ చెలమకు ఒక కట్టుబాటు ఉండేది. పిల్లలు ముందు, పెద్దలు తరవాత. పెద్దవాళ్ళ గిట్టలు పడితే ఒడ్డు విరిగి నీళ్ళు బురదైపోతాయి కదా! అందుకని పెద్దలంతా రెల్లుపొదల అవతలే ఆగిపోయేవారు. పిల్లలు మాత్రం ఒకరి వెనక ఒకరు వెళ్ళి, తేట నీళ్ళు తాగి వచ్చేవారు. ఆ తరవాతే పెద్దల వంతు.

చెలమకు కాపలా తీతమ్మ. తీతమ్మ అంటే తీతువు పిట్ట. పొడుగాటి పసుపుపచ్చ కాళ్ళు, నల్లటి మెడ, కంటి ముందు ఎర్రటి తోలు. తీతువులు చెట్టు మీద గూడు కట్టవు. గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చేసుకుని, అందులోనే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కూడా అచ్చం గులకరాళ్ళలాగే ఉంటాయి. తీతమ్మ గూడు చెలమ పక్కనే. సాయంత్రం ఆమె "తీ... తూ, తీ... తూ" అని మెల్లగా పిలిచిందంటే, 'రండర్రా, భయం లేదు' అని అర్థం. "టిట్టీ! టిట్టీ!" అని గట్టిగా అరిచిందంటే, 'ప్రమాదం, ఆగండి' అని అర్థం. ఆ పిలుపు వినకుండా ఎవరూ నీళ్ళు తాగడానికి వాగులో కాలు పెట్టేవారు కాదు.

ఆ ఏడు వేసవి మొదట్లోనే తీతమ్మ మగపిట్టను డేగ ఎత్తుకుపోయింది. తీతమ్మకు మిగిలినవి మూడు గుడ్లు. ఎండ మరీ ఎక్కువైనప్పుడు ఆమె చెలమలో పొట్ట తడుపుకుని వచ్చి, ఆ తడి ఈకలతో గుడ్ల మీద కూర్చునేది. అలా చల్లబరచకపోతే ఎండకు గుడ్లు ఉడికిపోతాయి మరి.

ఇలా ఉండగా, ఒకనాటి మిట్టమధ్యాహ్నం కొండ అవతలి నుంచి ఒక దుమ్ములగొండి వచ్చింది. ముందుకాళ్ళు పొడుగు, వెనకకాళ్ళు పొట్టి, ఎముకలు పటపటా నమిలే దవడలు. దాని వెనకే బరబరా పాకుతూ గరుకయ్య అనే ఉడుము వచ్చాడు. గరుకయ్య ఆ వాగు ఒడ్డువాడే. కానీ కొన్నాళ్ళుగా దుమ్ములగొండి వదిలేసిన ఎముకలు గీక్కు తింటూ దాని వెంటే తిరుగుతున్నాడు. అందుకే ఈ ఏడు చెలమ ఎక్కడ తవ్వారో అతనికి తెలియదు, తీతమ్మ గూడు మాత్రం తెలుసు.

"తీతువు గూడు ఇదిగో, ఇక్కడే," అన్నాడు గరుకయ్య మెల్లగా. అని, రాయి చాటుకు తప్పుకున్నాడు.

తీతమ్మ చెలమలో పొట్ట తడుపుకుని, మండలు కప్పి, అప్పుడే ఇవతలికి వచ్చింది. వచ్చి చూసేసరికి ఏముంది? దుమ్ములగొండి ముందుకాలు ఆమె గుడ్ల మీద ఉంది.

"ఏమే పిట్టా, వీటిలో రాళ్ళేవి, గుడ్లేవి?" అంది దుమ్ములగొండి.

తీతమ్మ గూటి వైపు ఒక అడుగు వేసి ఆగింది.

"నాకు దాహంగా ఉంది. చెలమ ఎక్కడో చూపించు."

"ఏ చెలమ? ఇక్కడ అన్నీ రాళ్ళేగా..."

దుమ్ములగొండి కాలు కాస్త కిందికి దించింది. ఒక గుడ్డు ఇసుకలోకి దిగబడింది.

"రెండోసారి అడుగుతున్నాను. మూడోసారి అడగను," అంది దుమ్ములగొండి.

తీతమ్మ ఒడ్డు వైపు చూసింది. అందరూ దూరంగా చెట్ల నీడన పడుకుని ఉన్నారు. రెల్లుపొదల వైపు చూసింది. ఆకు కదలడం లేదు. ఆకాశం వైపు చూసింది. తాను ఎగిరిపోవచ్చు. కానీ గుడ్లు ఎగరలేవు. అరిస్తే ఎవరో ఒకరు వస్తారు. వాళ్ళు వచ్చేలోపు ఆ కాలు దిగిపోతుంది.

ఇక గత్యంతరం లేక తీతమ్మ తన పొడుగు కాళ్ళతో నాలుగు అంగలు వేసి, ముక్కుతో ఒక గులకరాయిని పక్కకు తోసింది. అంతే. చోటు తెలిసిపోయింది.

దుమ్ములగొండి మండలు లాగి పారేసింది. కడుపు పట్టినంత తాగింది. అంతటితో ఊరుకుందా? చల్లగా ఉంది కదాని అందులోనే పొర్లింది. ఒడ్లన్నీ విరిగిపడి చెలమ పూడిపోయింది.

అంతకుముందే, దాని కాలు గుడ్ల మీదినుంచి లేచిన మరుక్షణమే తీతమ్మ పైకి లేచింది. "టిట్టీ! టిట్టీ! టిట్టీ!" అని అడవి దద్దరిల్లేలా అరిచింది. పడుకున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు. కోరయ్య అనే అడవిపంది కోరలు జాడిస్తూ అందరికంటే ముందు పరిగెత్తాడు. అరుపు వాగు మలుపులో, మద్దిచెట్ల దగ్గరనుంచి వస్తోంది. అందరూ అటే దూసుకెళ్ళారు.

అక్కడ చూస్తే ఏమీ లేదు. ఎండిన ఆకులు తప్ప. తీతమ్మ మాత్రం ఒక రెక్క నేల మీద ఈడుస్తూ, విరిగిపోయినదానిలా కుంటుతూ అరుస్తోంది.

"ఏది? ఎక్కడ?" అన్నాడు కోరయ్య రొప్పుతూ.

"చెలమ... అక్కడ... చెలమ దగ్గర..."

"చెలమ దగ్గరైతే ఇక్కడ అరుస్తావేం!"

అందరూ వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి దుమ్ములగొండి ఒడ్డెక్కి పొదల్లో కలిసిపోయింది. చెలమలో చిక్కటి బురద మిగిలింది.

ఆ సాయంత్రం తీతమ్మ పిలవలేదు. పిల్లలు వచ్చి తడి ఇసుకను నాలుకతో నాకారు. చుక్కమ్మ అనే దుప్పికి బుడిగి అనే బిడ్డ ఉంది. ఆ పిల్ల తల్లి పొట్టకు ఆనుకుని, "అమ్మా, నాలుక అంటుకుపోతోందే," అంటూనే ఉంది.

తెల్లవారగానే అందరూ ముళ్ళవ్వ బొరియ ముందు చేరారు. ముళ్ళవ్వ ముసలి ముళ్ళపంది. తగువులు తీర్చడంలో పెద్దది. జరిగింది వింటుంటే ఆమె వీపు మీది ముళ్ళు గలగలమని లేచి నిలబడ్డాయి.

"ఆగండి," అంది ముళ్ళవ్వ. "ముళ్ళు లేచి ఉన్నప్పుడు నాకు ఆలోచన సాగదు. అవి పడుకునేదాకా ఎవరూ మాట్లాడకండి."

అందరూ కూర్చున్నారు. ఎండ చెట్టు మొదలు దాకా పాకింది. నెమ్మదిగా ఆ ముళ్ళు ఒక్కొక్కటే వాలాయి.

"ఇప్పుడు చెప్పండి," అంది ముళ్ళవ్వ.

కోరయ్య ముందుకొచ్చాడు. "చెప్పేదేముంది అవ్వా? కాపలా పెట్టింది ఎవరిని? ఈమెను. చోటు చూపించింది ఎవరు? ఈమె. మనం పరిగెత్తుకొస్తే ఇంకో పక్కకు తిప్పింది ఎవరు? ఈమే! దుమ్ములగొండితో కుమ్మక్కైంది. గుడ్లు తీసుకుని వాగు వదిలి పొమ్మను."

"గుడ్లను ఎలా తీసుకెళ్తుంది, మావయ్యా?" అంది బుడిగి, ఎండిన గొంతుతో.

నిజమే. తీతువు గుడ్లను మోసుకెళ్ళలేదు. ఆమెను పొమ్మంటే ఆ గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. తీతమ్మ తల వంచుకుని నిలబడింది. ఆమెకు ఒకటే దిగులు. ఇక్కడ మాట తేలేలోపు అక్కడ పొద్దెక్కిపోతే?

"పదండి, గూడు దగ్గరే మాట్లాడుకుందాం," అంది ముళ్ళవ్వ, ఆ దిగులు కనిపెట్టినట్టు. "గుడ్ల మీద కూర్చునే జవాబు చెబుతుంది."

ఆ ఒక్క మాటకు తీతమ్మ కళ్ళు చెమర్చాయి.

అందరూ వాగులోకి దిగారు. తీతమ్మ గుడ్ల మీద కూర్చుంది. ముళ్ళవ్వ గూడు చుట్టూ ఇసుకను మూతితో వాసన చూసింది.

"తీతమ్మా, నేను అడిగేవి మూడే. సూటిగా చెప్పు. కాలు గుడ్ల మీద పెట్టిందా? లేక, పెడతానని ఊరికే బెదిరించిందా?"

"పెట్టింది అవ్వా. ఒక గుడ్డు దిగబడింది కూడా."

"నిజమే. ఇక్కడ గోళ్ళు దిగిన గుర్తులున్నాయి. వేళ్ళ మధ్య గుడ్డు ఆనిన గుంట కూడా ఉంది. చూడండర్రా. రేపో మాపో నీ పని చెబుతానన్న బెదిరింపు కాదిది. అప్పటికప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది."

కోరయ్య వంగి చూశాడు. గుర్తులు ఉన్నాయి.

"సరే, రెండోది. తప్పించుకునే దారి ఇంకేమైనా ఉందా?"

తీతమ్మ నోరు తెరిచేలోపే కోరయ్య అందుకున్నాడు. "ఎందుకు లేదు? రెక్కలున్నాయిగా! ఎగిరిపోవచ్చుగా!"

"ఆమెకున్నాయి. గుడ్లకున్నాయా, కోరయ్యా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"పోనీ అరవచ్చుగా!"

"అరిస్తే ఎవరు రావాలి? నువ్వేగా. మిట్టమధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

"నేనా... ఒడ్డు మీద నేరేడు చెట్ల నీడలో..."

"గుర్రు పెడుతున్నావు."

"కాస్త కునుకు పట్టింది అవ్వా, అంతే."

"ఆ కునుకులోంచి లేచి నువ్వు ఇక్కడికి వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది? ఆ కాలు దిగడానికి ఎంతసేపు పడుతుంది?"

కోరయ్య మూతితో ఇసుక గెలుకుతూ నిలబడ్డాడు.

"ఇక మూడోది," అంది ముళ్ళవ్వ. ఆమె గొంతు కాస్త గట్టిపడింది. "భయం ఉన్నంతసేపు ఎవరైనా లొంగుతారు. భయం తొలగిన మరుక్షణం ఏం చేశారన్నది చూడాలి. తీతమ్మా, కాలు లేచింది. నువ్వు అరిచావు, బాగుంది. కానీ ఇక్కడ జరుగుతుంటే మద్దిచెట్ల దగ్గరికెళ్ళి ఎందుకు అరిచావు?"

తీతమ్మ మద్దిచెట్ల వైపు చూసింది.

"నాకే తెలియడం లేదు అవ్వా," అంది చివరికి. "ఒట్టు. మీ అందరికీ చెప్పాలనే అరిచాను. కాళ్ళూ రెక్కలూ వాటంతట అవే అటు తీసుకెళ్ళాయి."

"చూశావా, చూశావా!" అన్నాడు కోరయ్య. "రెక్కలు వాటంతట అవే పోతాయట! నా కోరలు కూడా వాటంతట అవే పొడుస్తాయని చెబితే ఊరుకుంటారా?"

అప్పుడు చుక్కమ్మ లేచింది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె బిడ్డే కదా దాహంతో అల్లాడింది!

"నేనూ కోపంతోనే వచ్చాను," అంది చుక్కమ్మ. "రాత్రంతా నా బిడ్డకు నోరు తడపలేకపోయాను. ఈమెను చూస్తే మండిపోయింది. కానీ ఒక్క మాట చెప్పాలి. బుడిగిని గడ్డిలో పడుకోబెట్టి నేను మేతకు పోతాను. అప్పుడు చిరుతపులి వాసన వస్తే బుడిగి దగ్గర నిలబడి అరుస్తానా? అరవను. దూరంగా పరిగెత్తి అక్కడ అరుస్తాను. లేకపోతే పిల్ల ఎక్కడుందో దానికి నేనే చూపించినట్టు. అలా చెయ్యమని నాకెవరూ నేర్పలేదు. నా తల్లికీ ఎవరూ నేర్పలేదు. ఈమెదీ అదేనేమో."

తీతమ్మ ఆశ్చర్యంగా ఆమె వంక చూసింది. ఎవరికి అన్యాయం చేశానని తాను కుమిలిపోతోందో, ఆ తల్లే తన తరఫున మాట్లాడుతోంది!

ముళ్ళవ్వ కాసేపు ఆలోచించింది. తరవాత కోరయ్యను దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. కోరయ్య తల అడ్డంగా ఊపాడు. ముళ్ళవ్వ ఒక ముల్లు ఎత్తింది. కోరయ్య వెంటనే తల నిలువుగా ఊపాడు.

"సరే, అందరూ ఇళ్ళకు పదండి, తీర్పు రేపు," అంది ముళ్ళవ్వ పైకి.

అందరూ కదిలారు. ఉన్నట్టుండి కోరయ్య వెనక్కి తిరిగి, "హుర్ర్!" అంటూ గూడు మీదికి దూకబోయాడు. అంతే! తీతమ్మ రివ్వున లేచింది. "టిట్టీ! టిట్టీ!" అంటూ సూటిగా వాగు మలుపుకు, అవే మద్దిచెట్ల దగ్గరికి వెళ్ళి వాలింది. ఒక రెక్క ఈడుస్తూ, విరిగినదానిలా కుంటుతూ గింగిరాలు తిరిగింది.

కోరయ్య గూటి ముందే ఆగిపోయి, నోరు తెరుచుకుని అటు చూస్తూ నిలబడ్డాడు. ముందు బుడిగి నవ్వింది. తరవాత చుక్కమ్మ నవ్వింది. ఆ తరవాత వాగంతా నవ్వులే. తీతమ్మ రెక్క దులుపుకుని సిగ్గుపడుతూ తిరిగొచ్చింది.

"చూశారుగా," అంది ముళ్ళవ్వ. "మనల్ని మోసం చేయడానికి అటు పోలేదు. శత్రువును గుడ్ల నుంచి తప్పించడానికి తీతువులు చేసేదే అది. తొందరలో ఆమెకు మనమెవరో, శత్రువెవరో తేడా తెలియలేదు. తీర్పు చెబుతున్నాను, వినండి. చోటు చూపింది తీతమ్మ ముక్కే. కానీ ఆ ముక్కును కదిలించింది దుమ్ములగొండి కాలు. నీళ్ళు పోయిన తప్పు ఆ కాలిది. తీతమ్మ ఇక్కడే ఉంటుంది. కాపలా ఆమెదే."

"నాదీ అదే గతి అవ్వా!" అని రాయి చాటునుంచి గొంతు వినిపించింది. గరుకయ్య బయటికి వచ్చాడు. "నన్నూ అది బెదిరించింది! గుడ్లు ఎక్కడున్నాయో చెప్పకపోతే నమిలేస్తానంది. నన్నూ వదిలేయండి."

"ఎప్పుడు బెదిరించింది?"

"నిన్నే."

"నిన్నటిదాకా దాని వెనక ఎందుకు తిరిగావు? నిన్ను ఎవరు లాక్కెళ్ళారు?"

గరుకయ్య నాలుక బయటికీ లోపలికీ ఆడించాడు. "ఎముకలు... ఊరికే పోతున్నాయి కదాని..."

"అది ఎలాంటిదో తెలిసీ, నీ అంతట నువ్వే దాని పంచన చేరావు. అది పళ్ళు చూపించాక భయపడ్డానంటే ఎలా? తీతమ్మ మీదికి భయం వచ్చి పడింది. నువ్వు భయం ఇంటికి వెతుక్కుంటూ వెళ్ళావు. ఆ రెండూ ఒకటి కాదు. పూడిపోయిన చెలమ మళ్ళీ నువ్వే తవ్వు. వానలు పడేదాకా రోజూ ఒడ్లు సరిచేసే పని నీదే."

"ఈ ఎండలోనా?" అన్నాడు గరుకయ్య.

"పోనీ, దుమ్ములగొండి దగ్గరికి పోతావా?"

గరుకయ్య తవ్వడం మొదలుపెట్టాడు.

ముళ్ళవ్వ తీతమ్మ దగ్గరగా వచ్చింది. "ఇంకో మాట, తల్లీ. ప్రాణభయంతో ఏదైనా వస్తువు అప్పగిస్తే మేము అర్థం చేసుకుంటాం. కానీ ఇంకొకరి ప్రాణం అప్పగిస్తే, అప్పుడు ఈ మాట చెల్లదు. నీ బిడ్డ ఎంతో ఎదుటివాళ్ళ బిడ్డా అంతే కదా."

"అంటే, నా గుడ్లను వదులుకోవాలా అవ్వా?"

"తేలికని నేననడం లేదు. అలాంటి రోజు ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం, అరవాలి. ఈసారి మద్దిచెట్ల దగ్గర కాదు. ప్రమాదం ఎక్కడుందో అక్కడే నిలబడి అరవాలి. మేము సూటిగా అక్కడికే వస్తాం."

ఆ రోజునుంచి ఎవరూ తీతమ్మను దెప్పిపొడవలేదు. పైగా, మధ్యాహ్నం ఎండ మాడ్చేవేళ చుక్కమ్మ వచ్చి గూటి పక్కన నిలబడేది. ఆమె నీడ గుడ్ల మీద పడేది. "నీకెందుకక్కా ఈ శ్రమ?" అంటే, "ఎక్కడో ఒకచోట నిలబడాలిగా, ఇక్కడ నిలబడ్డాను," అనేది. బుడిగి చెలమలో మూతి ముంచి వచ్చి, "పిన్నీ, పిన్నీ, ఇదిగో," అంటూ గుడ్ల మీద నాలుగు చుక్కలు రాల్చేది. ఇక కోరయ్య వాగులోకి వచ్చినప్పుడల్లా గూడు చుట్టూ పెద్ద వలయం తిరిగి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేవాడు. ఆ పెద్ద ఒళ్ళు అలా జాగ్రత్తగా నడుస్తుంటే తీతమ్మకు నవ్వూ వచ్చేది, కన్నీళ్ళూ వచ్చేవి.

'వీళ్ళు నన్ను పొమ్మని ఉంటే ఈపాటికి నా గుడ్లు ఏమయ్యేవి?' అనుకునేది. పక్కన ఎవరూ లేనప్పుడు మద్దిచెట్ల వైపు చూస్తూ, గూడు దగ్గరే కాళ్ళు తన్నిపెట్టి అరవడం సాధన చేసేది. కాళ్ళు అటు లాగేవి. ఆమె ఇటు లాక్కునేది.

ఒక సాయంత్రం పిల్లలు వచ్చే వేళైంది. రెల్లుపొదల అవతల పెద్దలు చేరారు. తీతమ్మ పిలుపు కోసం చూస్తున్నారు. గరుకయ్య చెలమ లోపల దిగి ఒడ్డు సరిచేస్తున్నాడు. తీతమ్మ గుడ్ల మీదినుంచి లేచి, గొంతు సవరించుకుంది.

వెనక ఇసుక కరకరమంది. తిరిగి చూసేసరికి దుమ్ములగొండి. ముందుకాలు అప్పటికే గుడ్ల మీద ఉంది.

"అరవకు," అంది అది మెల్లగా. "ఈసారి నీళ్ళు వద్దు. పిల్లలను పిలువు. ఎప్పటిలాగే, మెల్లగా, తియ్యగా. ముందు ఆ దుప్పి పిల్ల వస్తుందిగా. అది నాకు చాలు."

గుడ్డు లోపల ఏదో టిక్ టిక్ మంటోంది. పిల్ల లోపలినుంచి పెంకు పొడుస్తోంది. రేపో ఎల్లుండో బయటికి వచ్చేస్తుంది.

"ఏమాలోచిస్తున్నావే?" అంది దుమ్ములగొండి. "ఆనాడు నిన్ను వదిలేశారుగా! ఒడ్డు అవతల పొదలో పడుకుని అంతా విన్నానులే. ఇవాళా అదే మాట చెప్పు. కాలు పెట్టింది, గత్యంతరం లేక పిలిచానని ఏడువు. ఆ ముసలి ముళ్ళపంది మళ్ళీ నిన్ను నెత్తిన పెట్టుకుంటుంది. నీ గుడ్లు నీకు, నా తిండి నాకు."

తీతమ్మ గుడ్ల వంక చూసింది. గుడ్ల పక్కన ఇసుక మీద నీటిచుక్కలు రాలిన గుంటలు ఇంకా చెరగలేదు. బుడిగి మధ్యాహ్నం రాల్చినవే. రెల్లుపొదల్లోంచి ఆ పిల్ల చెవులు రెండూ నిక్కపొడుచుకుని కనిపిస్తున్నాయి. 'పిన్ని ఎప్పుడు పిలుస్తుందా' అని చూస్తోంది.

"నీళ్ళు పోతే నన్ను క్షమించారు," అంది తీతమ్మ. "ఆ క్షమను తీసుకెళ్ళి వాళ్ళ బిడ్డ మెడకే చుట్టమంటావా?"

ఆమె కాళ్ళు మద్దిచెట్ల వైపు లాగాయి. రెక్కలు లేవబోయాయి. తీతమ్మ గోళ్ళు ఇసుకలో దింపి, కదలకుండా నిలబడింది. నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది.

"టిట్టీ! టిట్టీ! ఇక్కడే! ఇక్కడే!"

దుమ్ములగొండి కాలు దించింది. ఒక గుడ్డు చిట్లింది.

మిగిలినవీ చిట్లిపోయేవే. కానీ అప్పుడే చెలమలోంచి గరుకయ్య తల బయటికి వచ్చింది. చడీచప్పుడు లేకుండా అవతలి వైపు జారుకోవచ్చు. జారుకోలేదు. ఒక్క ఉదుటున వచ్చి దుమ్ములగొండి తోక కరిచి పట్టుకున్నాడు. ఉడుంపట్టు ఎలాంటిదో మీకు తెలుసుగా! అది వెనక్కి గిర్రున తిరిగింది. కాలు గుడ్ల మీదినుంచి లేచింది. తీతమ్మ ఎగిరి దాని కళ్ళ మీద రెక్కలతో కొట్టింది.

ఈసారి ఎవరూ మద్దిచెట్ల వైపు పోలేదు. అరుపు ఎక్కడుందో ప్రమాదమూ అక్కడే ఉంది. కోరయ్య రెల్లు చీల్చుకుని సూటిగా వచ్చి కోరలతో దాని డొక్కలో పొడిచాడు. చుక్కమ్మ ముందుగిట్టలు ఎత్తి కొట్టింది. ముళ్ళవ్వ వెనక్కి తిరిగి, గలగలా ముళ్ళు విప్పి, దాని మూతి మీదికి నడిచింది. దుమ్ములగొండి మూతి నిండా ముళ్ళతో, తోకకు వేళ్ళాడుతున్న ఉడుముతో కుయ్యో మొర్రో అంటూ కొండ వైపు పరుగు తీసింది. గరుకయ్య ఒడ్డు దాటాక గానీ వదలలేదు. ఆ దుమ్ములగొండి మళ్ళీ ఆ వాగు ముఖం చూడలేదు.

అందరూ గూటి దగ్గరికి వచ్చారు. రెండు గుడ్లున్నాయి. ఒకటి లేదు.

పోనీలే, రెండున్నాయిగా అని ఎవరూ అనలేదు. చుక్కమ్మ తీతమ్మ పక్కన కూర్చుని, మెడ మీద మెడ వేసింది. బుడిగి వెతికి వెతికి ఒక తెల్లటి గులకరాయి తెచ్చి, చిట్లిన పెంకు పక్కన పెట్టింది. కోరయ్య దగ్గరికి వచ్చి, "ఆ రోజు నిన్ను పొమ్మన్నాను, తీతమ్మా," అన్నాడు.

"మీరు ఉండనిచ్చారు కాబట్టే కదా అన్నా, ఇవాళ నిలబడగలిగాను," అంది తీతమ్మ.

రెండు రోజులకు రెండు గుడ్లూ పగిలాయి. పొడుగు కాళ్ళతో, మెత్తటి నూగుతో ఇద్దరు పిల్లలు బయటికి వచ్చారు. తీతువు పిల్లలు పుట్టగానే నడుస్తాయి. ఆ సాయంత్రం తీతమ్మ చెలమ పక్కన నిలబడి, "తీ... తూ, తీ... తూ," అని పిలిచింది. రెల్లుపొదలు కదిలాయి. కానీ ఎవరూ ముందుకు రాలేదు.

"రండర్రా, భయం లేదు," అంది తీతమ్మ.

"పిల్లలు ముందు కదా పిన్నీ," అంది బుడిగి పొదల్లోంచి. "మా అందరికంటే చిన్నవాళ్ళు నీ దగ్గరే ఉన్నారుగా. వాళ్ళు తాగాకే మేము."

గరుకయ్య చెలమ ఒడ్డు చదును చేసి, చిన్న కాళ్ళు జారకుండా దారి చేశాడు. ఇద్దరు పిల్లలూ తడబడుతూ దిగి, ముక్కు ముంచి, తల పైకెత్తి, తొలి గుక్క మింగారు. ఒడ్డు మీద పెద్దలంతా ఊపిరి బిగబట్టి చూశారు. తీతమ్మ తెల్లటి గులకరాయి పక్కన నిలబడి, వాళ్ళందరి వంకా ఒక్కొక్కరిగా చూసి, తల వంచి దణ్ణం పెట్టింది.

నీతి: ప్రాణభయంతో తలవంచినవారిని నిందించే ముందు ఆ భయం ఎంతటిదో విచారించాలి, అలా మన్నన పొందినవారు, ఎంత భయమొచ్చినా, తమ ప్రాణానికి బదులు ఇంకొకరి ప్రాణాన్ని అప్పగించకూడదు.